ఐ–అయి, ఔ–అవు: చెవితో, నోటితో వేరు చేయడం ఎలా?

విజయనగరంలో తెలుగు చెబుతున్న నాకు ఏటా దసరా దగ్గరపడేసరికి ఒకే ప్రశ్న ఎదురవుతుంది. దసరా తరువాత వచ్చే మంగళవారం నాడు జరిగే మా ఊరి అమ్మవారి సిరిమానోత్సవానికి కట్టే ఫ్లెక్సీల మీద ఒకచోట “పైడితల్లి” అనీ, మరొకచోట “పయిడితల్లి” అనీ కనిపిస్తుంది. రెండింటిలో ఏది సరైనదని పిల్లలు, వారి తల్లిదండ్రులు, ఫ్లెక్సీలు రాయించేవారు కూడా అడుగుతారు. అక్కడి నుంచి ప్రశ్నలు సాగుతూనే ఉంటాయి. ఔను, అవును ఒకటేనా? కౌలు, కవులు పలికేటప్పుడు తేడా ఉంటుందా? వయ్యారాన్ని “వైయ్యారం” అని రాస్తే తప్పా? ప్రతిసారీ విడివిడిగా జవాబు చెప్పడం కంటే, ఎవరికి వారు ఇంట్లో పరీక్షించి తేల్చుకునే పద్ధతిని వరుసగా రాయడం మేలని ఇది రాస్తున్నాను.

మొదలుపెట్టే ముందు తెలియవలసిన విషయం ఒక్కటే. ఐ, ఔ అనేవి ద్విస్వరాలు. అంటే నోరు ‘అ’ దగ్గర మొదలై, ఆగకుండా ‘ఇ’ వైపు గానీ ‘ఉ’ వైపు గానీ జారుతుంది, అయినా అంతా కలిసి ఒకే అక్షరంగా వినిపిస్తుంది. అయి, అయ, అవు, అవ అనేవి అలా కావు. వాటిలో రెండు అచ్చుల నడుమ య గానీ వ గానీ హల్లుగా నిలబడుతుంది కనుక అక్షరాలు రెండవుతాయి. ఈ య, వ లను మన వ్యాకరణం అంతస్థాలంటుంది. స్పర్శానికీ (క నుంచి మ వరకు ఉన్న హల్లులకు), ఊష్మానికీ (శ, ష, స, హ లకు) మధ్య నిలిచేవి అన్న అర్థంలో వచ్చిన పేరు అది.

కావలసినవి

ధ్వనిని రికార్డు చేయగల ఫోను, చేతి అద్దం, కాగితం, పెన్సిలు, ఫ్యాను ఆపివేసిన గది, మీ మాటలను విని గుర్తుపట్టడానికి ఇంకొక మనిషి ఉంటే చాలు. కంప్యూటరు ఉన్నవారు చివరి మెట్టు కూడా చేయవచ్చు. అది లేకపోయినా ఫలితానికి లోటు రాదు.

1. మాటల జాబితా తయారు చేయండి

కాగితాన్ని నాలుగు నిలువు గడులుగా విభజించండి. మొదటి గడిలో తైలం, శైలి, రైతు, గౌరి, మౌనం, కౌలు రాయండి. రెండవ గడిలో జయించు, శయించు, కవులు, అవునా వంటివి, అంటే య, వ తరువాత ఇ గానీ ఉ గానీ వచ్చేవి రాయండి. మూడవ గడిలో నయనం, వయసు, పవనం, నవల వంటివి, అంటే య, వ తరువాత అ వచ్చేవి రాయండి. నాలుగవ గడిలో కయ్యం, వయ్యారం, గవ్వ, రవ్వ వంటి ద్విత్వాలు రాయండి.

చాలామంది ఇక్కడే “ఏడు”ను “యేడు” అనడం, “ఒకటి”ని “వొకటి” అనడం కూడా జాబితాలో చేరుస్తారు. అక్కడ య, వ అచ్చుకు ముందు వచ్చి చేరుతున్నాయి, అచ్చు తరువాత జారడం లేదు. కనుక వాటిని ఈ పనిలో కలపవద్దు. “మా అమ్మ” “మాయమ్మ” కావడం కూడా వేరే సంగతే. అది రెండు అచ్చులు ఎదురుపడినప్పుడు నడుమ చేరే యడాగమం.

2. రికార్డు చేయండి

ఫోనును నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కకు పెట్టండి. ఎదురుగా పెడితే ఊపిరి తగిలి ధ్వని చెడిపోతుంది. మాటలను ఒంటరిగా పలకవద్దు. “ఇప్పుడు గౌరి అన్నాను”, “ఇప్పుడు నవల అన్నాను” అని ఒకే వాక్యంలో పెట్టి, ప్రతి మాటనూ మూడేసిసార్లు, నాలుగు గడుల మాటలనూ కలగలిపి పలకండి. జాబితా వరుసలోనే చదివితే నోరు ముందు మాట బాణీనే పట్టుకుంటుంది.

పెద్ద ప్రమాదం మరొకటి ఉంది. రాసి ఉన్నది చూస్తూ చదివినప్పుడు మనం మాట్లాడం, అక్షరాలను అప్పజెబుతాం. “అయిదు” అని కనిపిస్తే అ-యి-దు అనీ, “ఐదు” అని కనిపిస్తే ఐ-దు అనీ పలుకుతాం. ఆ రికార్డింగు మీ వర్ణక్రమాన్ని పరీక్షిస్తుందే తప్ప మీ పలుకును పరీక్షించదు. అందువల్ల వీలైతే రెండవ మనిషి చేత ప్రశ్నలు అడిగించుకోండి. “భూమి లేని రైతు పొలాన్ని దేనికి తీసుకుంటాడు?” అని అడిగితే “కౌలుకు” అన్న జవాబు సహజంగా వస్తుంది. “పద్యాలు రాసేవారిని ఏమంటారు?” అని అడిగితే “కవులు” వస్తుంది.

3. చప్పట్లతో అక్షరాలు లెక్కించండి

అన్నింటిలోకీ నమ్మదగిన పరీక్ష ఇదే. ప్రతి అక్షరానికీ ఒక చప్పట్టు కొట్టండి. కౌ-లు: రెండు. క-వు-లు: మూడు. తై-లం: రెండు. న-య-నం: మూడు. జ-యిం-చు: మూడు. గవ్-వ, కయ్-యం: రెండేసి.

సాధారణంగా జరిగే తప్పు ఏమిటంటే, ఐ అంటే అ, ఇ కలిసినదని చదువుకున్నవారు “తైలం”కు మూడు చప్పట్లు కొడతారు. చదువు రాని అమ్మమ్మ చేత కొట్టిస్తే రెండే కొడుతుంది, ఆమె లెక్కే సరైనది. సందేహం ఉంటే అరచేతిని గడ్డం కింద ఆనించి మాట పలకండి. దవడ ఎన్నిసార్లు కిందికి దిగితే అన్ని అక్షరాలు. “నయనం”లో అది స్పష్టంగా మూడుసార్లు దిగుతుంది. “జయించు”లో మాత్రం ఇ మూసిన అచ్చు కావడం వల్ల రెండవ కదలిక చాలా చిన్నది, కనుక అక్కడ దవడను కాక చప్పట్టునే నమ్మండి.

ఛందస్సు తెలిసినవారికి ఇంకొక దారి ఉంది. ఇది నాకు అన్నింటికంటే ఇష్టమైన దారి కనుక కొంచెం విస్తరించి చెబుతాను. ఐ, ఔ ఉన్న అక్షరం ఎప్పుడూ గురువే. “కౌలు” అంటే గురువు, లఘువు, అంటే హగణం. “కవులు” అంటే మూడు లఘువులు, అంటే నగణం. రెండింటికీ మాత్రలు మూడే, అక్షరాలు మాత్రం ఒకచోట రెండు, మరొకచోట మూడు. మాటను సాగదీసి సమయం కొలిచే పద్ధతి ఈ తేడాను ఎందుకు పట్టుకోలేదో దీనితో తెలుస్తుంది. హగణం, నగణం రెండూ సూర్యగణాలే కావడం వల్ల ఆటవెలదిలో, తేటగీతిలో సూర్యగణం ఉండవలసిన చోట “ఐదు” వేసినా “అయిదు” వేసినా పాదం చెడదు. మన పద్యం ఈ రెండు రూపాలనూ అంత సులువుగా ఒకే పీటపై కూర్చోబెట్టింది. యతి మైత్రిలో అ, ఆ, ఐ, ఔ, య, హ ఒకే వర్గంగా చెల్లుతాయి. ఐ, ఔ ‘అ’తోనే మొదలవుతాయని మన పూర్వులు చెవితో విని గ్రహించిన దానికి అది సాక్ష్యం.

4. అద్దంలో పెదవులు చూడండి

ఔ విషయంలో ఈ పరీక్ష చక్కగా పనిచేస్తుంది. అద్దం ముందు “గౌరి” అనండి. తెరిచిన నోరు మెల్లగా గుండ్రమవుతుంది, పళ్ల ప్రమేయం ఉండదు. ఇప్పుడు “నవల” అనండి. వ దగ్గర కింది పెదవి పైకి లేచి పై పళ్లకు చేరువగా వెళ్లి, మళ్లీ కిందికి దిగుతుంది. “కవులు”లో కింది పెదవి ముందు పళ్ల వైపు లేచి, ఆ తరువాత ఉ కోసం గుండ్రమవుతుంది. కదలికలు రెండు. “కౌలు”లో కదలిక ఒక్కటే.

ఐ విషయంలో పెదవులు అంతగా చెప్పవు, ఎందుకంటే పని నాలుకది. అక్కడ తరువాతి మెట్టును వాడండి.

5. రాగం తీయండి

అక్షరాన్ని సాగదీసి పాడండి. “తైలం”లో తై సాగదీయమంటే ఎవరైనా తఅఅఅ అని ‘అ’ మీదే నిలిచి, చివరన ఇ తాకించి లం లోకి వెళతారు. అక్షరం ఒకటే కనుక స్వరమూ ఒకటే సరిపోతుంది. “నయనం” సాగదీయమంటే న మీద ఒక స్వరం, య మీద ఇంకొక స్వరం సహజంగా పడతాయి. 1919లో మొదలై, ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రధానాచార్యులుగా నడిచిన సంగీత కళాశాల ఉన్న ఊరు మనది. సంగీతం నేర్చుకునే పిల్లలు మీ వీధిలో ఉంటే వారిచేత పాడించి వినండి. ఐ ని సాగదీసేటప్పుడు తొందరపడి ఇ మీదికి దూకి “తయిఇఇ” అని పాడేవారుంటే, అక్కడ మీకు రెండు అక్షరాలు వినిపిస్తాయి. అది పాడటంలో దొర్లిన పొరపాటు, మాట స్వభావం కాదు.

6. మాట రూపం మార్చి చూడండి

చెవికి అందని చోట ఈ పరీక్ష తేల్చేస్తుంది. మాటకు ప్రత్యయాలు చేర్చండి, దాని చుట్టాలను పక్కన పెట్టండి. కవి, కవిత, కవులు, కవయిత్రి: వ అన్నిచోట్లా ఉంది, దాని మీద వేర్వేరు అచ్చులు వాలుతున్నాయి. అంటే వ అసలైన హల్లు. కౌలు, కౌలుకు, కౌలుదారు: ఎక్కడా వ పైకి తేలదు. అంటే అది ద్విస్వరమే. జయం, జయించు, జయప్రదం: య నిలిచింది. నుయ్యి–నూతులు, గొయ్యి–గోతులు, చెయ్యి–చేతులు: బహువచనంలో య స్థానంలో త వచ్చింది. హల్లు స్థానంలోకి హల్లే వస్తుంది కనుక ఇక్కడి య హల్లేనని చెప్పడానికి వేరే రుజువు అక్కరలేదు.

ఈ మెట్టులో ఒక అందమైన చిక్కు ఉంది. ఇరవై, ముప్పై, నలభై, యాభై: ఇవన్నీ ద్విస్వరంతో ముగుస్తాయి. వీటికి “అవ” చేరిస్తే ఇరవయ్యవ, ముప్పయ్యవ అవుతాయి. అచ్చు ఎదురుపడగానే ద్విస్వరం చివరి భాగం గట్టిపడి య్య అనే హల్లుగా మారింది. పై, ఎద కలిస్తే పయ్యెద అయినది కూడా ఇలాగే. సంస్కృతంలో పాణిని “ఏచోఽయవాయావః” అనే సూత్రంలో చెప్పినది దీనికి దగ్గరి బంధువు: నే + అన నయన అవుతుంది, పో + అన పవన అవుతుంది, నై + అక నాయక అవుతుంది, పౌ + అక పావక అవుతుంది. కాబట్టి ఒకే మాట ఒకచోట ద్విస్వరంతోనూ మరొకచోట హల్లుతోనూ కనిపిస్తే కంగారుపడవద్దు. తరువాత అచ్చు ఉన్నదా హల్లు ఉన్నదా అని చూడండి.

హెచ్చరిక: “ఇరవైయ్యవ” అని రాయకండి. ఐ ఒకసారి య్య గా మారిన తరువాత మళ్లీ ఐ ని నిలపడం ఒకే ధ్వనిని రెండుసార్లు రాయడం. “వైయ్యారం”, “కైయ్యం”, “ఐయ్యో” అనేవి కూడా ఇదే తప్పు. వయ్యారం, కయ్యం, అయ్యో అని రాయాలి.

7. ఎలా రాయాలో నిర్ణయించుకోండి

ఇక్కడ నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మాటలను మూడు కుప్పలు చేయండి.

సంస్కృతం నుంచి వచ్చిన వైద్యం, సైన్యం, ఐశ్వర్యం, ఔషధం, గౌరవం, యౌవనం వంటివాటిని ఐ, ఔ లతోనే రాయాలి. “గవురవం” అని రాయడం శిష్ట రచనలో నిలవదు. నయనం, భవనం, అవయవం, అవసరం, వయసు వంటివాటిని య, వ లతోనే రాయాలి. మన ఊళ్లలో వేగంగా మాట్లాడేటప్పుడు “ఔసరం”, “వైసు” అని వినిపిస్తాయి. ఆ పలుకు సహజమే, రాతలో మాత్రం అవసరం, వయసు అని ఉండాలి. కవయిత్రిని “కవైత్రి” అనీ “కవియిత్రి” అనీ రాయడం నేను దిద్దే కాగితాలలో తరచు చూసే తప్పు.

ఇక మూడవ కుప్ప అచ్చతెలుగు మాటలది: ఐదు–అయిదు, ఐతే–అయితే, ఔను–అవును, తౌడు–తవుడు, చౌక–చవక, పైడి–పయిడి. ఇవి రెండు విధాలా చెల్లుతాయి. కొన్నేళ్ల కిందట ఒక పాఠశాలలో “అయిదు” అని రాసిన పిల్లవాడికి నేను మార్కు తగ్గించాను. ఆ పిల్లవాడు తాను ఎలా పలుకుతాడో అలాగే రాశాడు, పైగా ఆ రూపం నిఘంటువులలో కూడా ఉంది. ఆ మార్కు తగ్గించడం నా తప్పేనని ఇప్పటికీ బాధపడతాను. ఈ కుప్పలోని మాటల్లో ఎదుటివారిని దిద్దకండి. ఒక రచనలో ఒక రూపాన్నే మొదటి నుంచి చివరి దాకా పాటించండి, అంతే చాలు. ఫ్లెక్సీ మీద “పైడితల్లి” వాడుకలో స్థిరపడిన రూపం కనుక నేను దానినే సూచిస్తాను, పయిడితల్లిని తప్పనను.

మన వైపు “అయిపోనాది” (అయిపోయింది) అనే మాటను కొందరు అ-యి-పో-నా-ది అని ఐదు అక్షరాలుగా, మరికొందరు ఐ-పో-నా-ది అని నాలుగు అక్షరాలుగా పలుకుతారు. అవుతుంది, అయ్యాడు, అయితే అన్న చుట్టాలలో య, వ తేలుతున్నాయి కనుక “అయి” రాత సమర్థనీయమే. పలుకు నాలుగక్షరాలైతే “ఐ” కూడా సమర్థనీయమే. 1863లో వంశధార ఒడ్డున పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు, రాత లేని సవర గిరిజనుల భాషను వారి నోట విని నేర్చుకుని, విన్నదాన్ని లిపిలో పెట్టారు. మీ ఇంటి మాటను రికార్డు చేసేటప్పుడు ఆ వరుసనే పాటించండి. ముందు వినండి, తరువాత రాయండి.

ఇంగ్లీషు నేర్చుకునేవారికి

స్పోకెన్ ఇంగ్లీషు విద్యార్థులకు ఇదే పరీక్ష ఉపయోగపడుతుంది. మనం “పవర్”, “టవర్” అని రాసే మాటల్లో ఇంగ్లీషువారు వ అనే హల్లును పలకరు, ఔ నుంచి నేరుగా తరువాతి అచ్చులోకి జారుతారు. అద్దంలో చూస్తే పెదవి పళ్లకు తగలకూడదు. “బాయ్”, “ఆయిల్” అనే మాటల్లో ఉన్నది కూడా ద్విస్వరమే. దానికి మన లిపిలో ప్రత్యేక అక్షరం లేనందున య తో రాస్తున్నాం. “డే” అన్నప్పుడు మనం ఏ ని కదలకుండా నిలుపుతాం, వారు ఏ నుంచి ఇ వైపు జారుస్తారు. “మ్యూజిక్”లో య ముందు వచ్చి ఊ తరువాత వస్తుంది కనుక అది ద్విస్వరం కిందకు రాదు.

8. కంప్యూటరులో చూడాలనుకుంటే

ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయానికి చెందిన పాల్ బోర్స్మా, డేవిడ్ వీనింక్ రూపొందించిన ప్రాట్ అనే ఉచిత సాఫ్ట్‌వేరులో మీ రికార్డింగు తెరిచి, ఫార్మంట్లు (నోటిలో ధ్వని బలంగా మారుమోగే స్థాయిలను చూపే చుక్కల గీతలు) చూపించమనండి. కొలత పరిమితిని స్త్రీల గొంతుకు 5500 హెర్ట్‌జ్, పురుషుల గొంతుకు 5000 హెర్ట్‌జ్ దగ్గర పెట్టకపోతే చుక్కలు తప్పుచోట పడతాయి. కింది నుంచి రెండవ గీతను చూడండి. “తైలం”లో అది ఒకే వాలుగా పైకి ఎక్కుతుంది. “నయనం”లో య దగ్గర ఎక్కి, అ కోసం మళ్లీ దిగుతుంది, కొండలాగా. “గౌరి”లో కిందికి జారుతుంది. “నవల”లో దిగి లేస్తుంది, వ దగ్గర ధ్వని బలం కూడా కొంత తగ్గుతుంది. “జయించు” వంటి మాటల్లో మాత్రం ఎక్కిన గీత ఇ మీద అక్కడే నిలుస్తుంది కనుక బొమ్మ ఐ ని పోలి ఉంటుంది. అక్కడ బొమ్మను బట్టి తీర్పు చెప్పవద్దు, మూడవ మెట్టుకు తిరిగి వెళ్లండి.

ఫలితాన్ని సరిచూసుకోవడం

రికార్డింగు నుంచి 20 మాటలను ఎంచి, వరుస మార్చి, జాబితా చూడని మనిషికి వినిపించండి. ఒక్కొక్క మాటకు ఎన్ని అక్షరాలు వినిపించాయో మాత్రమే రాయమనండి, వర్ణక్రమం అడగవద్దు. 18 కంటే ఎక్కువ మీ లెక్కతో కలిస్తే మీ చెవి కుదిరినట్లే. తప్పులన్నీ కౌలు–కవులు వంటి జంటల్లోనే వస్తే, లోపం విన్నవారిది కాకపోవచ్చు. వేగంగా పలికినప్పుడు “కవులు” నిజంగానే రెండు అక్షరాలకు కుదించుకుపోతుంది. ఆ మాటలను ఇంకొంచెం నెమ్మదిగా మళ్లీ రికార్డు చేసి పరీక్షించండి. అప్పుడు కూడా కలవకపోతే ఆరవ మెట్టు ప్రకారం మాట చుట్టాలను చూసి రాత నిర్ణయించుకోండి. పలుకును మార్చుకోవలసిన పని లేదు. పాత రికార్డింగును చెరిపివేయకుండా ఉంచి, నెల తరువాత అదే జాబితాను మళ్లీ పలికి పక్కపక్కన వినండి. మొదటిసారి అక్షరాలు చూస్తూ చదివిన మాటలేవో అప్పుడు సులువుగా తెలిసిపోతాయి.